ఓడిన జట్టు, పాత గురువు



పాత పాలేరును ఉంచవలెనా, మాన్పవలెనా యను చర్చ మన పల్లెటూళ్ల అరుగులమీద ఎన్నో మారులు జరిగియుండును. పది పంటలు చక్కగా పండించినవాడు ఒక్క యేడు నష్టము తెచ్చినప్పుడు యజమానికి నిద్రపట్టదు. తప్పు వానిదో, వానదో, విత్తనముదో తేలదు. తేలకున్నను ఏదో యొక నిర్ణయము చేయక తప్పదు. ఏరువాక ఎవరికొరకును ఆగదు గదా! ఈ దినమున నేను చెప్పబోవునది అట్టి సంగతియే. కాని అది పొలములో జరిగినది కాదు. వేల మైళ్ల దూరమున, అమెరికా దేశమున, మంచుగడ్డమీద ఆడెడి హాకీ యాటలో జరిగినది.

ఆ దూరదేశపు ఆటతో నాకేమి పని యని మీరడుగవచ్చును. మా పెద్దవాడు ఉద్యోగరీత్యా ఫ్లోరిడా రాష్ట్రమునందలి టాంపా నగరమున కాపురమున్నాడు. 2019వ సంవత్సరపు వసంతకాలమున నేను వాని యింట మూడు నెలలు గడిపితిని. ఆ నగరము సముద్రతీరమున నున్నది. అక్కడి యెండలు మన కోస్తా యెండలకు తీసిపోవు. చెరువులో నీరు గడ్డకట్టుట యనునది ఆ యూరివారు కలలోనైనను ఎరుగరు. అట్టి చోట మంచుమీది యాటపై జనులకింత వెర్రి యభిమానము పుట్టుట నాకు మొదట వింతగా తోచెను. మూడవ వారము వచ్చునప్పటికి నేనును ఆ వెర్రిలో పడితిని.

హాకీ యనగానే మీలో పలువురకు పచ్చిక మైదానము, వంకర కర్ర, ధ్యాన్‌చంద్ పేరు స్ఫురించును. 1928, 1932, 1936 సంవత్సరముల ఒలింపిక్ క్రీడలలో మన దేశమునకు బంగారు పతకములు తెచ్చిన ఆట యదియే. అమెరికా, కెనడా దేశములలో హాకీ యనిన వేరు. పెద్ద కట్టడములో 200 అడుగుల పొడవున, 85 అడుగుల వెడల్పున గచ్చు వేసి, దానిపై నీరు పోసి, యంత్రములతో గడ్డకట్టింతురు. పక్షమునకు ఆరుగురు ఆడుదురు. అందొకడు గోలును కాచువాడు. కాళ్లకు ఉక్కు అంచుగల జోళ్లు తొడిగికొని, గంటకు ఇరువది మైళ్లకు మించిన వేగముతో జారుచు పోవుదురు. బంతి లేదు. దానికి బదులుగా మూడంగుళముల అడ్డుకొలత, అంగుళము మందము గల నల్లని రబ్బరు బిళ్ల యుండును. దానిని పక్ అందురు. అది ఎగిరిపడకుండుటకై ముందుగా దానినికూడ మంచులో పెట్టి గట్టిపరతురు. ఇరువదేసి నిమిషముల ఘట్టములు మూడు.

ఇందులో శిక్షకుని పని యేమి? మన కబడ్డీలో, కోడిబిళ్లలో బరి దిగిన పిమ్మట ఆట ఆడువానిదే. ఇచ్చట అట్లు కాదు. మంచుమీద ఆ వేగముతో ముప్పాతిక నిమిషము ఆడునప్పటికే ఆటగాని రొమ్ము ఎగసిపడును. వాడు గోడ దాటి బల్లమీదికి రావలెను, వేరొకడు దిగవలెను. ఆట ఆగదు, జరుగుచుండగనే మార్పులు జరుగును. బల్ల వెనుక నిలిచి, ఎవని తరువాత ఎవడు దిగవలెనో, ఎదుటివారి మేటి ఆటగాని యెదుట ఎవనిని నిలుపవలెనో క్షణక్షణము నిర్ణయించువాడు ప్రధాన శిక్షకుడు. అక్కడివారు కోచ్ అందురు. ప్రతిదినపు సాధన అతనిది. ఎదుటిపక్షపు లోపములను పసిగట్టుట అతనిది. అన్నిటికంటె కష్టమైనది మరియొకటి కలదు. తనకంటె ఎన్నో రెట్లు జీతము తీసికొను ఇరువదేండ్ల కుర్రవానిని బల్లమీద కూర్చుండబెట్టి, వాని మనస్సు విరుగకుండ చూచుకొనుటయు అతని పనియే.

టాంపా జట్టు పేరు లైట్నింగ్. మన మాటలో మెరుపు అనవచ్చును. దాని శిక్షకుడు జాన్ కూపర్. ఇతడు 1967లో కెనడాలోని ప్రిన్స్ జార్జి పట్టణమున జన్మించెను. మీరు విని ఆశ్చర్యపడుదురు, ఇతడు వృత్తిచేత వకీలు. మిచిగన్ రాష్ట్రమున బీద ముద్దాయిల పక్షమున వాదించుచుండెను. అక్కడి న్యాయాధిపతి యొకరు తమ కుమారుడు చదువు పాఠశాల జట్టుకు ఆట నేర్పుమని కోరగా సరే యనెను. అటనుండి మెట్టుమెట్టుగా పైకి వచ్చెను. లైట్నింగ్ సంస్థవారు కుర్రవాండ్రను తయారుచేసికొను చిన్న జట్టొకటి నార్‌ఫోక్ నగరమున నుండెడిది. 2012లో ఇతని చేతికింద ఆ జట్టు వరుసగా 28 ఆటలు గెలిచి, తన లీగులో విజేత యయ్యెను. 2013 మార్చిలో పెద్ద జట్టు ఇతని కప్పగింపబడెను. చిన్న జట్టులో ఇతడు సాకిన ఆటగాండ్రు కొందరు వెంట వచ్చిరి. నాటినుండి 2019 వరకు ఆరేండ్లు. ఆ వృత్తిలో ఆరేండ్లనగా చిరకాలమే. అచ్చట శిక్షకులు మన యూరి సంతలో ఎడ్లవలె చేతులు మారుచుందురు.

ఆ ఆరేండ్లలో జరిగినదేమి? ఏటేటా జట్టు పేరు పెరిగినది, కాని స్టాన్లీ కప్పు చేతికి రాలేదు. అది వారి లీగు విజేతకిచ్చు వెండి పాత్ర. 2015లో తుదిపోటీ వరకు పోయి చికాగో చేతిలో ఓడిరి. 2016లో తుదిపోటీకి ఒక్క మెట్టు దిగువన ఆగిరి. 2017లో ఒక్క పాయింటు తక్కువై పై పోటీలలోనికి అడుగు పెట్టనేలేదు. 2018లో మరల ఆ ఒక్క మెట్టు దిగువననే వాషింగ్టన్ చేతిలో ఓడిరి. ఆ ఓటమి చాల చేదైనది. చివరి రెండాటలలో ఒక్క గోలైనను చేయజాలకపోయిరి.

అటుపిమ్మట 2018-19 సంవత్సరము. ఆ యేట 82 ఆటలలో 62 గెలిచిరి. అంతకుముందు 1995-96లో డెట్రాయిట్ జట్టు మాత్రమే అన్ని గెలిచియుండెను. గెలుపునకు రెండు, అదనపు సమయమున ఓడినచో ఒకటి చొప్పున వారికి 128 పాయింట్లు వచ్చెను. నలువదికి మించి గోలులు చేసినవారు ఆ జట్టున ముగ్గురు. కప్పు వారిదేనని ఊరంతయు నిశ్చయించుకొన్నది. విజయోత్సవమునకు మా వాడు సెలవుకూడ అడిగి పెట్టుకొన్నాడు.

పై పోటీల మొదటి మెట్టులో వారికెదురైనది కొలంబస్ జట్టు. 98 పాయింట్లతో ఎట్టకేలకు లోపలికి వచ్చిన జట్టది. దాని శిక్షకుడు జాన్ టార్టొరెల్లా. ఇతడు పూర్వము టాంపా జట్టుకే శిక్షకుడై, 2004లో ఆ నగరమునకు మొదటి కప్పు తెచ్చి, 2008లో తొలగింపబడినవాడు! ఆ పాత గురువు ఎదుటి బల్ల వెనుక నిలుచుట చూచి మా వాడు నవ్వెను, నేను నవ్వలేదు.

ఏప్రిల్ 10వ తేదీ రాత్రి మొదటి యాటకు మా వాడు నన్ను తీసికొనిపోయెను. బయట ఉక్కబోత, లోపల చలి. శాలువ కప్పుకొని కూర్చుంటిని. మొదటి ఘట్టము ముగియునప్పటికి మావారు మూడు గోలులు చేసిరి, ఎదుటివారికి సున్న. చుట్టునున్న జనము లేచి గంతులు వేసిరి. తరువాత ఏమి జరిగెనో నాకు నేటికిని చక్కగా బోధపడలేదు. రెండవ ఘట్టమున ఎదుటివారు ఒక గోలు చేసిరి. మూడవ దానిలో మూడు చేసిరి. ఆట 4-3తో పోయినది. ఇంటికి పోవుదారిలో బండిలో ఎవరును మాటలాడలేదు. రెండవ ఆట 5-1, మూడవది 3-1, నాలుగవది 7-3. నాలుగును ఓటములే. సంవత్సరమంతయు అందరికంటె పైన నిలిచిన జట్టు మొదటి మెట్టులోనే ఒక్క ఆటయైన గెలువక పోవుట ఆ లీగు ఆధునిక చరిత్రలో అదియే ప్రథమము.

మరునాటినుండి ఊరిలో ఒక్కటే మాట: కూపరును పంపవలెను. మా వాని స్నేహితులు మా యింట చేరి వాదించుచుండగా వింటిని. వారి వాదము త్రోసివేయదగినది కాదు. ఆరేండ్లుగా ఒక్కని గొంతే వినుచున్న ఆటగాండ్రకు ఆ గొంతు చెవిన పడుట మానును. ఏ తోవన పోవుదురో ఎదుటివారు నేర్చుకొనిరి. మొదటి యాటలో మూడు గోలుల ఆధిక్యము కరగిపోవుచున్నప్పుడు బల్ల వెనుకనుండి ఏ మార్పును రాలేదు. పెద్ద పోటీ వచ్చినప్పుడెల్ల ఇతని జట్టు ఆగిపోవుచున్నది. ఒక్కమారైన యదృష్ట మనవచ్చును. నాలుగు మారులైన దాని కేమి పేరు పెట్టుదుము? వారిమాట విని నేనును తల యూపితిని. అప్పటి నా యభిప్రాయము అదియే. దాచి ప్రయోజనము లేదు.

ఇచ్చట ఒక లోపలి సంగతి తెలిసికొనవలెను. ఆ లీగులో ఒక్కొక్క జట్టు తన ఆటగాండ్రకు ఏటికింతకు మించి జీతమీయరాదని కట్టుబాటు కలదు. ఆ యేడు ఆ హద్దు 7 కోట్ల 95 లక్షల డాలర్లు. కావున ఓడిన యజమాని ధనవంతుడైనను మంచి ఆటగాండ్రను గంపగుత్తగా కొనలేడు. ఒకనిని తెచ్చుటకు మరియొకనిని వదలుకొనవలెను. శిక్షకుని జీతమో, ఆ లెక్కలోనికి రాదు. ఇరువదిమందిని మార్చుట అసాధ్యము. ఒక్కనిని మార్చుట మధ్యాహ్నములోపల అగుపని. పత్రికలవారికి తృప్తి, జనమునకు తృప్తి. అత్తమీది కోపము దుత్తమీద చూపుట మన యిండ్లలోనే కాదు, అక్కడను కలదు. శిక్షకులు తరచుగా మారుటకు వారి అసమర్థతకంటె ఈ కట్టుబాటే పెద్ద కారణమని నా తలంపు.

ఐనను మార్పు ఫలింపదని చెప్పజాలము. సెయింట్ లూయీ జట్టు 2018 నవంబరులో తన శిక్షకుని తొలగించినది. 2019 జనవరి మొదటి వారమున ఆ జట్టు ముప్పదియొక్క జట్లలో అట్టడుగున నుండెను. ఆ జూన్ నెలలో స్టాన్లీ కప్పు గెలిచినది! 2011-12లో లాస్ ఏంజెలిస్ వారును నడియేట శిక్షకుని మార్చి కప్పు గెలిచిరి. ఇట్టివి విన్నప్పుడు ఏ యజమానికైనను చేయి దురద పెట్టును. కాని సెయింట్ లూయీలో ఆ జనవరియందే గోలు కాచుటకు బిన్నింగ్‌టన్ అను క్రొత్త కుర్రవాడును నిలిచినాడు. గెలుపు క్రొత్త శిక్షకునిదా, క్రొత్త కాపువానిదా? అదియుగాక, జట్టు మిక్కిలి దిగజారినప్పుడే శిక్షకుని మార్తురు. అడుగంటిన బావిలో ఊట ఎట్లును కొంత ఊరును; ఆ సమయమున బావికి పూజ చేసిన పురోహితునకు పేరు వచ్చును.

ఇచ్చట నా స్వవిషయ మొకటి చెప్పుకొనుటకు సెలవిండు. చాల కాలము క్రిందట మా యూరి నాటక సమాజమునకు నేను కార్యదర్శిగా నుంటిని. పదునెనిమిదేండ్లుగా మా కుర్రవారికి పద్యములు నేర్పి, రాగములు దిద్ది, ముఖమునకు రంగు పూసి రంగస్థలమునకు పంపుచుండిన గురువుగారొకరు ఉండెడివారు. ఒక యేడు తిరునాళ్లలో మా నాటకము చెడినది. కృష్ణ వేషధారికి గొంతు బొంగురుపోయెను. నడిరేయి జల్లు పడి పెట్రోమాక్సు దీపములు రెండారెను. జనము ఈలలు వేసిరి. మరునాడు సభ చేసి, గురువుగారికి వయస్సు మళ్లినదని, క్రొత్తవారు కావలెనని తీర్మానించితిమి. చేయి యెత్తినవారిలో నేనును ఒకడను. ఆయన ఒక్క మాటయు అనలేదు. హార్మోనియముమీద గుడ్డ కప్పి, గది తాళపుచెవి నా చేతికిచ్చి, కుమార్తె యింటికి పోయిరి. తరువాత రెండేండ్లలో ముగ్గురు గురువులు వచ్చి పోయిరి. నాటకము మాత్రము లేవలేదు. వానను గురించి గాని, ఆ కుర్రవాని గొంతును గురించి గాని ఆ సభలో మాలో ఒక్కడైనను మాటలాడలేదని నాకు చాల కాలమునకు గాని తట్టలేదు. గురువుగారు పోయినట్లు తెలిసినప్పుడు కూడ ఆ గ్రామమునకు పోవుటకు నాకు మొగము చెల్లలేదు.

టాంపాలో నిర్ణయము చేయవలసినవాడు జట్టు జనరల్ మేనేజరగు జూలియన్ బ్రీస్‌బ్వా. ఆ పదవికి వచ్చి అతనికి ఏడాదియైనను కాలేదు. క్రొత్తగా వచ్చిన అధికారికి పాతవానిని పంపుట చాల సులభము. తప్పంతయు మునుపటివారిపై పడును. అతడట్లు చేయలేదు. కూపరు ఒప్పందము ఆ మార్చి నెలలోనే పొడిగింపబడియుండుటచేత చేతులు కట్టుబడినవని కొందరనిరి. ఆ మాట నిలువదు. ఒప్పందముండగనే పంపివేసి మిగిలిన జీతము చెల్లించుట ఆ లీగులో పరిపాటియే.

అతని ఆలోచన యెట్లు సాగెనో నేను చెప్పలేను గాని, నాకు తోచిన లెక్క చెప్పెదను. 82 ఆటలు ఒక పక్క, నాలుగాటలు ఒక పక్క. హాకీలో గోలులు తక్కువ. బిళ్ల ఎవని జోడుకో తగిలి లోపలికి పోవచ్చును. గోలు కాచువానికి ఒక వారము మబ్బు కమ్మవచ్చును. ఎనుబది యాటలలో ఇట్టివి ఇటు కొన్ని, అటు కొన్ని పడి సరిపోవును. నాలుగాటలలో సరిపోవుటకు వ్యవధి యుండదు. అదియుగాక, మేటి రక్షకుడు హెడ్‌మన్ గాయపడి చివరి రెండాటలకు లేడు. 128 పాయింట్లు సంపాదించిన కూచెరావ్ మొరటుగా ఆడినందుకు శిక్షపడి మూడవ ఆటకు లేడు. సంవత్సరపు వర్షమంతయు కొలిచి రైతును మెచ్చుకొని, కుప్పలమీద పడిన ఒక్క వడగండ్ల వాన చూచి వానిని తిట్టుట న్యాయమా?

కాని ఇక్కడితో ఆగినచో అది సగము న్యాయమే యగును. వడగండ్లు పడినమాట నిజమే; కుప్పలమీద గడ్డి కప్పకపోవుటయు నిజమే. గురువునుంచిరి గాని ఉన్నది ఉన్నట్లుగా నుంచలేదు. ఆ జట్టున సొగసుగా ఆడువారు మెండు. బిళ్లకై గోడల యొద్ద పెనుగులాడువారు తక్కువ. 2019 వేసవిలో మరూన్ అను బలశాలిని, షాటెన్‌కర్క్ అను అనుభవశాలిని తెచ్చిరి. 2020 ఫిబ్రవరిలో కోల్‌మన్, గుడ్రో అను ఇద్దరిని భారీ మూల్యమిచ్చి తెచ్చిరి. వారు మేటి పేరుగాండ్రు కారు. దెబ్బలకు వెనుదీయని పనివాండ్రు. కూపరును తన పద్ధతి మార్చుకొనెను. ఆధిక్యము వచ్చిన తరువాత ఇంకను గోలులకై పరుగిడుట మాని, వచ్చినదానిని కాచుకొనుట నేర్పెను. యాబదియొక్క యేండ్ల వయస్సున, 62 గెలుపుల తరువాత, తన విధానమున లోపము కలదని ఒప్పుకొనుట చిన్న సంగతి కాదు. ఓడినవానికి ఒప్పుకొనుట సులభము. గెలుచుచున్నవానికి చాల కష్టము.

2020 మార్చిలో మహమ్మారి వచ్చి ఆట ఆగెను. ఆగస్టులో కెనడాలోని రెండు నగరములలో, ప్రేక్షకులు లేని మందిరములలో పై పోటీలు జరిపిరి. మొదటి మెట్టులో టాంపాకు ఎదురైనది ఎవరనుకొన్నారు? ఆ కొలంబస్ జట్టే, బల్ల వెనుక ఆ టార్టొరెల్లాయే! మొదటి యాట మూడు ఘట్టములలో తెగలేదు. అదనపు ఘట్టము ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదవ దానిలో పాయింట్ అను పొట్టి కుర్రవాడు గోలు చేసి ముగించెను. మొత్తము 150 నిమిషములకు పైగా ఆడిరి. కొలంబస్ కాపువాడు కొర్పిసాలో ఆ యాటలో 85 దెబ్బలు ఆపెను. ఆధునిక కాలమున అంతకుముందు అన్ని ఆపినవాడు లేడు. అయిదవ ఆటలో టాంపావారు 2-4 వెనుకబడియుండి, సరిచేసికొని, అదనపు సమయమున మరల పాయింట్ చేతనే గెలిచిరి. పాత గాయము అట్లు మానినది. సెప్టెంబరు 28వ తేదీన డాలస్‌ను ఓడించి కప్పు నెత్తిరి. నాయకుడగు స్టామ్‌కోస్ గాయములతో బాధపడుచు ఆ పోటీలన్నిటిలో మూడు నిమిషములకు లోపుగా మాత్రమే ఆడగలిగెను. ఆ కొద్దిలోనే ఒక గోలు చేసెను. 2021 జూలైలో మాంట్రియల్‌ను ఓడించి రెండవ మారు గెలిచిరి. 2022లోను తుదిపోటీ వరకు పోయి కొలరాడోకు ఓడిరి.

ఇది విని, పాత గురువును ఎన్నడును పంపరాదని నేను చెప్పుచున్నాననుకొనకుడు. నాష్‌విల్ జట్టు కథ వినుడు. ఆ జట్టు పుట్టినది 1998లో. మొదటి శిక్షకుడు బారీ ట్రాట్జ్. పదునైదు ఆటసంవత్సరములు అతడే. చిన్న యూరి జట్టును నిలబెట్టినవాడు. కాని రెండవ మెట్టు దాటలేకపోయెను. 2014 ఏప్రిల్‌లో అతనిని పంపివేసిరి. వాషింగ్టన్ వారు పిలిచిరి. 2018లో అతడు వారికి మొదటి కప్పు తెచ్చెను. ఆ త్రోవలో మన కూపరును ఓడించినవాడు ఇతడే. ఇతనిని వదలుకొన్న నాష్‌విల్ వారును నష్టపడలేదు. 2017లో మొదటిమారు తుదిపోటీకి పోయిరి. విడిపోవుట ఇద్దరకును మేలైనది. అట్టి విడాకులును కలవు.

బఫెలో జట్టు కథ వేరు. 1997లో వచ్చిన లిండీ రఫ్ పదునైదేండ్లకు పైగా నుండెను. 1999లో తుదిపోటీకి చేర్చెను. 2013 ఫిబ్రవరిలో తొలగించిరి. నా మాట నమ్ముడు, తరువాత ఆ పీఠముమీద ఆరుగురు కూర్చుండి లేచిరి. 2011 తరువాత 2025 వసంతము వరకు ఆ జట్టు పై పోటీల ముఖము చూడలేదు. 2024లో ఎవరిని పిలిచిరి? ఆ రఫ్‌నే. అప్పటికి ఆయనకు అరువదినాలుగేండ్లు. ఆయన వచ్చినంతనే ఆ యేడు ఫలము రాలేదు. గొడ్డలితో కొట్టిన చెట్టును మరల పాతినంత మాత్రమున ఫలించునా?

ఈ మూడు కథలను పక్కపక్కన పెట్టి చూచినచో నాకు తోచినది ఇది. ఎన్నేండ్లున్నాడను ప్రశ్న దాదాపు పనికిరానిది. అడుగవలసినది వేరు. బిళ్ల పోగొట్టుకొన్నప్పుడు ఆటగాడు తల వంచుకొని బల్లవైపు పోవుచున్నాడా, రొమ్ము పగులునట్లు వెనుకకు పరుగెత్తుచున్నాడా? ఆ పరుగు ఉన్నంతవరకు గురువు మాట చెవిలో నున్నట్లే. అది పోయిన యెడల ఎంత గొప్పవాడైనను, ఎన్ని కప్పులు తెచ్చినవాడైనను పంపవలసినదే. ఆలస్యము చేయుట అతనికిని అన్యాయము. ఇక గురువు తన పాఠమును తానే కొట్టివేసి క్రొత్తది వ్రాయగలడా? అది చేయజాలనివాడు మూడేండ్లకే ముసలివాడగును. ఇవి రెండును దూరమున నుండి పత్రిక చదువువానికి తెలియవు. ప్రతిదినము సాధన చూచువానికి తెలియును. కావుననే ఊరి కేకలను బట్టి నిర్ణయింపరాదని నేను 2019లోని నా తలయూపును వెనుకకు తీసికొన్నాను.

మన దేశపు పచ్చిక హాకీలో ఈ ప్రశ్నయే పుట్టుటకు చాలకాలము అవకాశము లేకపోయెను, చిరకాల శిక్షకుడుండినగదా! 2014 మొదలు 2019 వరకు పురుషుల జట్టుకు వాల్ష్, వాన్ ఆస్, ఓల్ట్‌మాన్స్, మారిన్య, హరేంద్రసింగు, రీడ్ అని ఆరుగురు శిక్షకులైరి. వాల్ష్ 2014 ఆసియా క్రీడలలో బంగారు పతకము తెచ్చిన కొద్దివారములకే వీడిపోయెను. చివరివాడగు గ్రహాం రీడ్‌ను కొంత నిలువనిచ్చిరి. 2021లో టోక్యోలో నలువదియొక్క యేండ్ల తరువాత మనకు ఒలింపిక్ పతకము వచ్చెను. అది నిలువనిచ్చిన ఫలమే యని నిరూపింపజాలను. ఇరువదేండ్ల ఆటగాడు ఏటికొక భాషలో, ఏటికొక పద్ధతిలో ఆట నేర్చుకొనుట మాత్రము ఊహించి చూడుడు.

టాంపా కథ మిగిలియున్నది. 2023లో మొదటి మెట్టులోనే టొరంటోకు ఓడిరి. 2024లో, 2025లో పొరుగునగు ఫ్లోరిడా జట్టుకు అయిదేసి ఆటలలో ఓడిరి. ఆ రెండేండ్లును కప్పు గెలిచినది ఆ ఫ్లోరిడాయే ననుట కొంత ఊరట. 2024 వేసవిలో మరియొక విచిత్రము జరిగెను. 2008లో వచ్చి, 2014 నుండి నాయకుడుగా నున్న స్టామ్‌కోస్‌ను, జీతముల హద్దు మూలమున జట్టు వదలుకొన్నది. అతడు పోయినది నాష్‌విల్ జట్టుకు. అప్పుడు అక్కడ జనరల్ మేనేజరుగా నుండి అతనిని చేర్చుకొన్నవాడు ఆ ట్రాట్జ్. నాయకుడు పోయెను, శిక్షకుడు ఉండెను. సాధారణముగా లోకమున జరుగునది దీనికి తలక్రిందులు. నాయకుడు వీడిన దినమున ఆ యూరిలో కంటతడి పెట్టినవారున్నారట.

2025 వసంతమున మూడవ ఓటమి తరువాత మా వాడు ఫోను చేసెను.

“నాన్నగారూ, పండ్రెండేండ్లైనది. ఇప్పుడైనను పంపవలెనా, వద్దా? మీరు చెప్పండి,” అనెను.

“నాయనా, పిల్లలు వెనుకకు పరుగెత్తుచున్నారా?” అని యడిగితిని.

వాడు కొంతసేపు పలుకలేదు. “పరుగెత్తుచున్నారు. చివరి నిమిషమువరకు పరుగెత్తినారు. కాని యేమి లాభము?” అనెను.

ఐతే మరియొక యేడు చూడుడంటిని. వాడు ఒప్పుకొనలేదు. వెనుకనుండి మా కోడలు, “మామయ్యగారు చెప్పినదే సరి,” యనుట వినబడెను. వారిద్దరకును వాదము మొదలగుటచేత నేను ఫోను పెట్టివేసితిని.